జెండా బాబాయ్ ఎడమ చెయ్యి

జెండా బాబాయ్ ఎడమ చెయ్యి దించడు. ఆయన గురించి తెలుసుకోవలసింది అదొక్కటే. మిగతావన్నీ ఆ చేతికి వేలాడే సంగతులే.

మొండితనం కాదు, జబ్బూ కాదు. గడియారం. రోజూ కీ ఇచ్చుకునే పాతకాలపు చేతి గడియారం. చెయ్యి నిలువుగా ఎత్తి ఉంచినంతసేపూ టిక్కుటిక్కుమని బుద్ధిగా నడుస్తుంది. దించితే అలిగి ఆగిపోతుంది. అందుకని బాబాయ్, క్లాసులో అనుమానం వచ్చిన పిల్లాడిలా, వేళ్ళు ఆకాశానికి చూపిస్తూ తొమ్మిదేళ్ళుగా తిరుగుతున్నాడు. ఆ అనుమానం తీర్చే మేష్టారు మాత్రం ఇంతవరకూ దొరకలేదు.

ఆయన పని పెద్దాసుపత్రి లాండ్రీలో. ఉతికి, ఆరబెట్టి, ప్రెస్సు చేసి, మడతపెట్టిన దుప్పట్లని కిటికీలోంచి వార్డుల వాళ్ళకి అందించటం. అంతా కుడిచేత్తోనే. బరువైన కట్ట వస్తే మాత్రం తప్పనిసరై ఎడమ చెయ్యి దించుతాడు. కట్ట అవతలకి తోసి, గడియారం చెవి దగ్గర పెట్టుకుని, మొహం వేలాడేసి, "ఆగిందమ్మా" అంటాడు. వెంటనే లోపలికి తిరిగి ఒక కేక.

"అమ్మాయ్! టైమెంతయింది?"

"పదిన్నర బాబాయ్!" అని ప్రెస్సు దగ్గర్నించి వదిన అరుస్తుంది.

ముళ్ళు సరిచేసుకుంటాడు. చెయ్యి పైకి వెళుతుంది. పావుగంటకి ఇంకో కట్ట. మళ్ళీ "అమ్మాయ్!" ఆ లాండ్రీలో చేతికి గడియారం ఉన్నది బాబాయ్‌కొక్కడికే, ఆయనకి టైము చెప్పే డ్యూటీ మాత్రం మిగతా ఇరవైరెండు మందిదీ.

"నీ నెత్తిమీదే గోడగడియారం ఉందిగా, తల తిప్పి చూడొచ్చుగా?" అని వదిన ఒకసారి విసుక్కుంది.

"దాన్ని చూస్తే దీని మనసు కష్టపడదూ?" అన్నాడు బాబాయ్, గడియారం అద్దాన్ని బొటనవేలితో నిమురుతూ.

వదిన అంటే లాండ్రీ మొత్తానికి వదినే. ఆరేళ్ళుగా ప్రెస్సు మీద పని. మాట గట్టిది, నవ్వు ఇంకా గట్టిది. ఎడమ మణికట్టుకి ఎప్పుడూ ఒక గుడ్డపీలిక చుట్టి ఉంటుంది. ఆ పీలిక సంగతి తర్వాత చెబుతాను.

వదినా బాబాయ్ ఒకే బస్సులో ఇళ్ళకి వెళతారు. ఆ మాట అనటమే గానీ, బాబాయ్ నిలబడ్డ చోట ఆగని బస్సు లేదు. ఎత్తిన చెయ్యి చూసి కీచుమని బ్రేకు వేసేవాళ్ళు. బాబాయ్ వినయంగా దగ్గరికి వెళ్ళి, "మీ బస్సు కోసం కాదండీ, నా గడియారం కోసం" అని చెప్పి పంపేవాడు. కండక్టర్లకి తల ప్రాణం తోకకొచ్చేది. ఆర్నెల్లకి వాళ్ళకీ తెలిసిపోయింది. అప్పట్నించి ఆయన నిజంగా ఎక్కవలసిన బస్సు కూడా ఆగటం మానేసింది. ఊళ్ళో ఎక్కవలసిన బస్సుకి చెయ్యెత్తలేని మనిషి ఆయనొక్కడే. పక్కన వదిన చెయ్యెత్తాలి, ఆయన ఎక్కాలి.

ఇంకో సంగతి. ఆసుపత్రిలో డాక్టరమ్మ వచ్చి, "అర్జెంటుగా రక్తం కావాలి, ఎవరిస్తారు?" అని అడిగినప్పుడల్లా బాబాయ్ రక్తమే. "అమ్మా, నాది గడియారమండీ" అని ఆయన నోరు తెరిచేలోపే సూది దిగిపోయేది. అలా ఆయన గోడమీద నాలుగు ప్రశంసాపత్రాలు వేలాడుతున్నాయి.

ఆసుపత్రిలో పాత సామాను వేలం వేసిన రోజున ఊరికే చూద్దామని వెళ్ళి, పళ్ళ డాక్టరు కుర్చీతో ఇంటికి వచ్చాడు. ఆయన భార్యని, అంటే అందరి పిన్నిని, గుమ్మంలోనే నవ్వాలో ఏడవాలో తెలియని స్థితిలో నిలబెట్టాడు.

"ఏమిటిది?"

"కుర్చీ."

"కుర్చీయేలే, నాకూ కళ్ళున్నాయి. ఎందుకని?"

"ఒకటీ, రెండూ, మూడూ అన్నాడే, ఇంకెవరూ చెయ్యెత్తలేదు."

ఇప్పుడా కుర్చీ వాళ్ళ ముందుగదిలో రాజసంగా ఉంది. కింద పెడల్ తొక్కితే వెనక్కి వాలుతుంది. పిన్ని అందులో పడుకుని కూరగాయలు తరుగుతుంది. వచ్చిన చుట్టాలు ఎవరు కూచున్నా, వాళ్ళకి తెలియకుండానే నోరు తెరుస్తారు.

గడియారం బాగు చేయించమని చెప్పనివాళ్ళు లేరు. బస్టాపు పక్కన మెట్ల కింద వాచీల మేస్త్రి కొట్టు ఉంది. మనిషి కూచుంటే మోకాళ్ళు రోడ్డు మీదకి వచ్చేంత కొట్టు. ఒకరోజు వదిన బాబాయ్‌ని అక్కడికి లాక్కెళ్ళింది.

"మేస్త్రీ, ఈయన గడియారం ఏ జన్మకైనా బాగవుతుందా?"

కంటికి అద్దం బిగించుకుని ఏదో పురుగంత చక్రాన్ని చూస్తున్న మేస్త్రికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. "ఆయన్నే అడగమ్మా" అని మళ్ళీ చక్రంలోకి దూరిపోయాడు.

"లోపల ఇరుసు అరిగిందమ్మాయ్," అన్నాడు బాబాయ్. "నిలబెడితేనే తిరుగుతుంది. పడుకోబెడితే పట్టేస్తుంది. నిటారుగా ఉంటేనే పనిచేస్తానంటున్నదాన్ని పట్టుకుని వంచటం న్యాయమా చెప్పు!"

"మరి రాత్రి?"

"గ్లాసులో నిలబెడతా. హాయిగా నడుస్తుంది."

ఆ గడియారంతో గెలవలేమని వదిన అక్కడితో వదిలేసింది.

ఇక ఆ గుడ్డపీలిక సంగతి.

లాండ్రీలో రెండు ఆవిరి ప్రెస్సులున్నాయి. ఆరుగురు ఆడవాళ్ళు వంతులవారీగా పనిచేస్తారు. ఎడమచేత్తో దుప్పటి సాపు చేస్తూ కుడిచేత్తో పిడి లాగితే పైమూత బుస్సుమని దిగుతుంది. చెయ్యి ఇంకా లోపల ఉండగా మూత దిగకుండా ముందు ఒక అడ్డుకడ్డీ ఉండాలి. ఉండేది. రెండు ప్రెస్సులవీ విరిగి పదకొండు నెలలయింది. చెయ్యి వెనక్కి తీయటం రెప్పపాటు ఆలస్యమైతే వేడి అంచు మణికట్టుకి ముద్దు పెడుతుంది. ప్రతిసారీ అక్కడే. వదినకి రెండుసార్లయింది.

అడగొచ్చుగా అంటారా? నెలకోసారి సూపరింటెండెంటు గారు వచ్చి అడుగుతారు కూడా. అందర్నీ మడత బల్లల ముందు కూచోబెట్టి, "ఎవరికైనా ఇబ్బందులుంటే చెయ్యెత్తండి" అంటారు. గొంతు తేనె. ఆయన వెనక గుమస్తా, గుమస్తా చేతిలో పసుపు అట్ట పుస్తకం. మొదట లేచిన చెయ్యి ఎవరిదో ఆ పుస్తకంలోకి ఎక్కుతుంది. పది రోజులు తిరక్కుండా ఆ చేతిగల మనిషి మెట్లు దిగి, నానబెట్టే గదికి వెళతారు. శిక్ష అని ఎవరూ అనరు. "పని సర్దుబాటు" అంటారు. కింద తెల్లవారుజామున అయిదింటికి డ్యూటీ మొదలు. రోజంతా సోడా నీళ్ళలో రక్తపు గుడ్డలు. మొదటి చెయ్యి ఎత్తినవాళ్ళకే ఆ భాగ్యం. అందుకని మొదటి చెయ్యే లేవదు. అది లేవకపోతే రెండోది ఎక్కణ్ణించి వస్తుంది? పుస్తకంలో నెలనెలా ఒకటే మాట: ఇబ్బందులు లేవు. కాగితం ప్రకారం ఆ లాండ్రీ స్వర్గం. మణికట్లు చూస్తే కాదు.

వదిన కూతురు రెండో తరగతి. పొద్దున జడలేసి బడిలో దింపటానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు. అయిదింటి డ్యూటీ పడితే ఉద్యోగమైనా మానాలి, పిల్ల బడైనా మానాలి. పైన ఉంటే చెయ్యి కాలుతుంది, కిందకెళితే బతుకే నానిపోతుంది. పీలిక బిగించుకుని వదిన నోరు మూసుకుంది. ఆ గట్టి నోరు!

మరి బాబాయ్ చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుందిగా అంటారేమో. మొట్టమొదటిసారి సూపరింటెండెంటు గారూ అలాగే అనుకున్నారు. "ఏమయ్యా, ఏమిటి నీ ఇబ్బంది?" అని కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇబ్బందేం లేదు సార్, గడియారం" అన్నాడు బాబాయ్. కథ విని ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. మూడు నెలల తర్వాత ఆ చెయ్యి వంక చూడటం కూడా మానేశారు. "అది లెక్కలోకి రాదు" అని గుమస్తాకి చెప్పేశారు. గోడకి గడియారం ఉన్నట్టు, పైన ఫ్యాను ఉన్నట్టు, మీటింగులో బాబాయ్ చెయ్యి.

ఆ నెల మీటింగుకి మూడు రోజుల ముందు వదిన చెయ్యి మూడోసారి కాలింది. ఈసారి బొబ్బ లేచింది.

సూపరింటెండెంటు గారు వచ్చారు. తేనె గొంతుతో అడిగారు. "ఎవరికైనా ఇబ్బందులుంటే చెయ్యెత్తండి."

ఇరవైరెండు మంది తమ తమ గోళ్ళని కొత్తగా చూసినట్టు చూసుకుంటున్నారు. బాబాయ్ చెయ్యి మాత్రం మామూలుగా గాలిలో ఉంది. వదిన ఆ చేతిని చూసింది. ఎందుకో ఇవాళ అది ఒంటరిగా ఉన్నట్టనిపించింది. బొబ్బ సలుపుతోంది. చేతిని ఒడిలోంచి తీసింది, చల్లగాలి తగిలితే బాగుంటుందని తనకి తనే అబద్ధం చెప్పుకుంది. అది మోకాలి మీంచి భుజం దాకా వచ్చింది. భుజం మీంచి పైకి వెళ్ళిపోయింది.

"ఏంటమ్మా?" అన్నారు సూపరింటెండెంటు. గుమస్తా పెన్ను మూత తీశాడు.

వదినకి పిల్ల జడలు గుర్తొచ్చాయి. అయిదింటి చీకటి గుర్తొచ్చింది. చివరికి బయటికి వచ్చిన మాట ఇది:

"గడియారం సార్."

ఎవరో కిసుక్కుమన్నారు.

"నీకు గడియారమెక్కడుంది?"

వదిన పీలిక విప్పింది. మణికట్టు మీద, సరిగ్గా గడియారం పెట్టుకునే చోట, గుండ్రంగా ఎర్రటి బిళ్ళ. దాని కింద పాతవి రెండు, నల్లగా.

"ఇదిగో సార్. ప్రెస్సు ఇచ్చింది. చెయ్యి దించితే నొప్పి, ఎత్తితేనే కాస్త నడుస్తోంది."

వెనక వరసలోంచి ఇంకో చెయ్యి లేచింది. "నాదీ గడియారమే సార్." పక్కన ఇంకోటి. "నాకూ ఇచ్చింది సార్, పోయిన నెల." ప్రెస్సు మీద పనిచేసే ఆరుగురూ ఎడమ చేతులెత్తారు. అందరికీ ఒకే చోట, ఒకే సైజు, ఒకే కంపెనీ గడియారం.

అప్పుడు దుప్పట్లు మడతపెట్టే మడతల అత్త లేచింది. అరవైకి దగ్గరపడిన మనిషి. మచ్చలేని చెయ్యి ఎత్తింది.

"నీకేమైందమ్మా? నీ చేతికి ఏమీ లేదుగా?"

"నాకింకా రాలేదు సార్. వచ్చే నెల నుంచి నన్నూ ప్రెస్సు మీద వేస్తున్నారట. వస్తుందిలెండి. ముందే ఎత్తి ఉంచుతున్నా, అలవాటవుతుందని."

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వుతో పాటు మిగతా చేతులు కూడా లేచిపోయాయి. మగవాళ్ళవి, ఆడవాళ్ళవి, సబ్బు చేతులు, తడి చేతులు. సూపరింటెండెంటు గారి మొహం కందగడ్డయింది. వెనక్కి తిరిగి, "మొదటి చెయ్యి ఎవరిది? రాయి!" అని గుమస్తాని గద్దించారు.

గుమస్తా పుస్తకం వైపు చూశాడు, చేతుల అడవి వైపు చూశాడు, నీళ్ళు నమిలాడు. "మొదటి చెయ్యంటే... అది ఎత్తి తొమ్మిదేళ్ళయింది సార్."

"నాదే రాయండి బాబూ," అన్నాడు జెండా బాబాయ్ చల్లగా. "న్యాయంగా నాదేగా ముందు. స్పెల్లింగు కావాలంటే చెబుతా."

ఎనిమిదో రోజున రెండు ప్రెస్సులకీ కొత్త అడ్డుకడ్డీలు వచ్చాయి. తొమ్మిదో రోజున "పని సర్దుబాటు" కింద బాబాయ్ మెట్లు దిగి నానబెట్టే గదికి వెళ్ళాడు. చెయ్యి మాత్రం పైనే. తొట్టి దగ్గర ఎడమ చెయ్యెత్తి కుడిచేత్తో గుడ్డలు పిండుతుంటే, ఈతరానివాడు మునిగిపోతూ సాయం అడుగుతున్నట్టు ఉందని చూసొచ్చినవాళ్ళు చెప్పారు.

వదిన మనసు ఆగలేదు. ఒంటిచేత్తో ఆ చాకిరీ ఏమిటి? అందరం కలిసి ఆ గడియారం బాగు చేయించి ఇద్దామంది. మధ్యాహ్నం భోజనం వేళ బాబాయ్ చెయ్యి కడుక్కోవటానికి దాన్ని విప్పి గ్లాసులో పెట్టాడు. వదిన గ్లాసుతో సహా ఎత్తుకుపోయింది. దారి పొడుగునా పాలు ఒలికిపోతాయేమో అన్నంత జాగ్రత్తగా గ్లాసు నిటారుగా పట్టుకుని, మేస్త్రి ముందు పెట్టింది.

"ఎంతైనా సరే మేస్త్రీ. ఇవాళే బాగవ్వాలి."

మేస్త్రి గడియారం తీసి బల్లమీద వెల్లకిలా పడేశాడు. వదిన గుండె ఆగింది. గడియారం ఆగలేదు. బోర్లా తిప్పాడు. టిక్కుటిక్కు. పక్కకి పడుకోబెట్టాడు. టిక్కుటిక్కు.

"ఏం బాగు చెయ్యమంటావమ్మా? ఇరుసు మార్చి నేనే ఇచ్చాగా, ఎనిమిదేళ్ళయింది. నిమిషం తేడా రాదు." అని, టక్కున నాలుక కరుచుకున్నాడు. "అయ్యో! ఎవరికీ చెప్పనని మాటిచ్చానే!"

వదిన రోడ్డు మీదే చతికిలబడింది. ఎనిమిదేళ్ళు! ఎన్ని కట్టలు, ఎన్ని "ఆగిందమ్మా"లు, ఎన్ని "అమ్మాయ్, టైమెంతయింది"లు! శుభ్రంగా నడుస్తున్న గడియారాన్ని చెవిదగ్గర పెట్టుకుని మొహం వేలాడేసినవాడు నాటకాల్లో చేరక లాండ్రీలో ఎందుకు చేరాడు?

సాయంత్రం తిన్నగా వాళ్ళింటికి వెళ్ళింది. పిన్ని ఆమెని పళ్ళ డాక్టరు కుర్చీలో కూచోబెట్టింది. వదిన గడియారం తీసి బాబాయ్ ముందు టీపాయ్ మీద వెల్లకిలా పెట్టింది. ముగ్గురూ కాసేపు దాని టిక్కుటిక్కు విన్నారు.

"లే. అందులో నేను కూచుంటా," అన్నాడు బాబాయ్. కూచున్నాడు. పెడల్ తొక్కి వెనక్కి వాలాడు. ఆ కుర్చీ గుణమో ఏమో, నోరు తెరిచాడు.

"పదేళ్ళ కిందట మన లాండ్రీలో ఒక పెద్దమ్మ ఉండేది. కూచుని మడత పెట్టుకోవటానికి స్టూళ్ళు అడుగుదామంది. ఇద్దరం ఒకేసారి చెయ్యెత్తాలని ఒప్పందం. మీటింగులో ఆవిడ ఎత్తింది. నేను... గడియారం చూసుకున్నా. ఏదో అర్జెంటు పనున్నవాడిలా. ఆవిణ్ణి కిందకి పంపారు. రెండేళ్ళకి చేతులు పగిలి పని మానేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మీటింగు రోజు బయటికొస్తూ మాత్రం అడిగింది, 'టైమెంతయింది బాబూ?' అని."

పిన్ని కూరగాయల కత్తి కింద పెట్టింది.

"ఆ మీటింగయిన కొన్నాళ్ళకే గడియారం చెడింది. దానికీ సిగ్గేసినట్టుంది. ఎత్తితేనే నడుస్తానంది. ఎత్తుకుని తిరుగుతుంటే మీటింగులో సారు అడిగారు, గడియారమన్నా, నవ్వేశారు. అప్పుడు తట్టింది. ఒక చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటే, ఇంకెవరిదీ మొదటి చెయ్యి కాదుగా? రెండోది ఎత్తేవాళ్ళకి భయముండదు. అందుకని బాగు చేయించి కూడా దించలేదు."

"మరి మాకు ఒక్క మాట చెప్పొచ్చుగా బాబాయ్!"

"చెబితే సారు చెవిన పడదూ? మీరే ఎత్తుతారని చూశా. ఒక నెల, రెండు నెలలు, ఒక ఏడాది..." భుజం నొక్కుకున్నాడు. "ఎనిమిదేళ్ళా అమ్మాయ్! మీరు మహా ఆలస్యం."

వదిన ఫక్కున నవ్వింది. పిన్ని మాత్రం నవ్వలేదు. "ఎనిమిదేళ్ళు ఆ భుజానికి నూనె రాసింది నేను. నాకూ చెప్పలేదు ఈ మనిషి" అంటూ పెడల్‌ని ఒక్క తొక్కు తొక్కింది. బాబాయ్ నిలువునా లేచి కూచున్నాడు.

మర్నాటి నుంచి లాండ్రీలో చెవులు కొరుక్కోవటాలే. తర్వాతి నెల మీటింగొచ్చింది. సూపరింటెండెంటు గారు "ఎవరికైనా ఇబ్బందులుంటే..." అనేసరికే ఇరవైరెండు చేతులు ఒక్కసారిగా లేచాయి. ఏది ముందో కనిపెట్టాలంటే మేస్త్రి కంటద్దం కావాలి. గుమస్తా తెలివైనవాడు, పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడేమిటమ్మా మళ్ళీ?"

"మా బాబాయ్‌ని కింద నుంచి పైకి పంపాలి సార్," అంది వదిన. "కిందకి వంతులు వెయ్యండి. తలో వారం అందరం వెళతాం. అయిదింటికి కాదు, ఎనిమిదింటికి."

ఆయన ఎటు చూసినా చేతులే. ఆ చేతుల మధ్య ఒక్కచోట ఖాళీ కనిపించింది. అక్కడ జెండా బాబాయ్, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళివారిలా తీరిగ్గా కూచున్నాడు.

సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమయ్యా, అందరూ ఎత్తారు. నీ చెయ్యేది?"

బాబాయ్ ఒళ్ళోని గడియారం వంక ఒకసారి చూసుకున్నాడు. ఇరవైరెండు చేతుల వంకా ఒకసారి చూశాడు.

"బాగయింది సార్," అన్నాడు.